హైదరాబాద్‌లో 32 వేలు వదిలి విజయవాడలో 24 వేలకు రావచ్చా?

మీరు చెప్పిన లెక్క ఇది: హైదరాబాద్‌లో చేతికి 32 వేలు వస్తున్నాయి, అందులో 11 వేలు అద్దెకే పోతున్నాయి. గన్నవరం వైపు ఒక కంపెనీ 24 వేలు ఇస్తానంటోంది. తాడేపల్లిలో అత్తగారి ఇల్లు ఖాళీగా ఉంది. మీ ఆవిడ కూడా ఏదో ఒకటి చేయాలనుకుంటోంది. రావచ్చండి. కాకపోతే ఆ 24 వేలలో ఏమేం కలిపారో, పని వేళలు ఏమిటో తేల్చుకున్నాకే అక్కడ రాజీనామా ఇవ్వండి.

నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారం చేసే ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను, జీతాల షీటు నెలనెలా నేనే తయారుచేస్తాను. అంతకుముందు వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో ఉండగా తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చేవాణ్ణి. ఈ ఊరి జీతాలూ ప్రయాణాలూ నాకు తెలిసింది అలా.

ముందు జీతం. మా వైపు 24 వేలు అంటే చాలాచోట్ల సీటీసీ లెక్క, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ 12 వేలు పెట్టారనుకోండి, కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ 1,440 కూడా ఆ 24లోనే కలిపేస్తారు. మీ వాటా ఇంకో 1,440 పోతుంది. వృత్తి పన్ను 200. చేతికి వచ్చేది 20,920. పీఎఫ్ డబ్బు మీదే, ఎక్కడికీ పోదు. అయినా నెలాఖరులో పాలవాడికి పీఎఫ్ పాసుబుక్కు చూపించలేం కదా. గ్రాట్యుటీ కూడా సీటీసీలో వేసేవాళ్ళున్నారు, అప్పుడు ఇంకాస్త తగ్గుతుంది. ఇంకో సంగతి, కోతలకు ముందు జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకుండే ప్రభుత్వ వైద్య బీమా, వర్తించదు. మా దగ్గర 20 వేలు తీసుకునేవాడికి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే గుణదల ఈఎస్ఐ ఆస్పత్రి ఉందన్న ధైర్యం ఉంటుంది, 23 వేలవాడికి అది లేదు. కాబట్టి గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందా, అందులో భార్యాపిల్లలకు కూడా వర్తిస్తుందా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

ఇక ప్రయాణం. తాడేపల్లి నుంచి గన్నవరం అంటే పాతిక కిలోమీటర్లు అటూఇటూగా ఉంటుంది. నెలకు పాతిక రోజులు బండి మీద తిరిగితే 1,250 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండైనా 25 లీటర్లు తాగుతుంది, పెట్రోలు 110 దరిదాపుల్లో ఉంది, అంటే 2,750. చేతిలో మిగిలేది 18 వేల చిల్లర. మీకు అక్కడ అద్దె పోను 21 వేలు మిగులుతున్నాయి, అందులోనూ పెట్రోలు ఖర్చు ఉండే ఉంటుంది. అది తీసేస్తే రెండు ఊళ్ళకూ తేడా నెలకు వెయ్యో రెండు వేలో. అద్దె తప్పడం అంత పని చేస్తుంది. ఆ ఇల్లు లేకపోతే మాత్రం ఈ ఆఫర్‌కి రావద్దనే చెప్పేవాణ్ణి.

దారి మాట చెప్పాలంటే, ఈ ఊళ్ళో దూరం కంటే కృష్ణ దాటాలా వద్దా అన్నదే ముఖ్యం. మీరు దాటాలి. ప్రకాశం బ్యారేజీ మీద భారీ వాహనాలు పోనివ్వరు. బైకుల మీద, కార్లలో వెలగపూడి సచివాలయానికి వెళ్ళేవాళ్ళు పొద్దున విజయవాడ నుంచి అటు పోతుంటారు. వరదలొస్తే అదీ ఆపేస్తారు. గన్నవరం వైపు పోవాలి కాబట్టి మీకు కనకదుర్గ వారధి, అంటే హైవే వంతెన మీదుగా రావడమే మేలు. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ వచ్చాక అక్కడ నిలబడే బాధ తగ్గింది. అసలు నరకం రామవరప్పాడు రింగు కూడలి దగ్గర. ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఎనికేపాడు, నిడమానూరు వైపు కాలేజీల పసుపు బస్సులు వరసగా కదులుతుంటాయి, మధ్యలో షేర్ ఆటోలు ఎక్కడ పడితే అక్కడ ఆపుతుంటాయి. ఎనిమిదిలోపు రింగు దాటితే ఇంటి నుంచి యాభై నిమిషాలు, తొమ్మిదికి దాటితే గంటంపావు. మీ డ్యూటీ ఎన్నింటికో అడగమన్నది ఇందుకే.

మ్యాపు చూసి ఇటు కృష్ణా కెనాల్ స్టేషనుంది, అటు గన్నవరం స్టేషనుంది, రైల్లో పోవచ్చు కదా అనుకుంటారేమో. చాలాసార్లు విజయవాడలో బండి మారాలి, రెండో బండి మీ టైముకి దొరకాలి. గుంటూరు, తెనాలి నుంచి నేరుగా విజయవాడ దాకా వచ్చేవాళ్ళకి రైలు బంగారం. సీజన్ టికెట్‌తో నెలంతా గడిచిపోతుంది. కర్చీఫ్ వేసి సీటు ఆపడం, సాయంత్రం బండిలో ఆడవాళ్ళు గోంగూర వలుస్తూ కబుర్లు చెప్పుకోవడం, అదో ప్రపంచం. కానీ అదే బండి ప్లాట్‌ఫారం ఖాళీ లేదని బ్రిడ్జికి ముందు కృష్ణా కెనాల్‌లో ఆగిపోయిందంటే అరగంటైనా కదలదు. తొందరున్నవాళ్ళు దిగి ఆటో ఎక్కేస్తారు. మా ఓనరుకి ‘బండి అవుటర్‌లో ఉందండి’ అన్న మాట ఎంత అలవాటంటే, ఫోనెత్తగానే ఆయనే అడిగేవాడు.

మీ ఆవిడ సంగతికొస్తే, ఉద్యోగాలు ఉన్నాయి, జీతాలే అంతంతమాత్రం. నేను చూసినంతలో చీరల షాపుల్లో సేల్స్‌కి 11 నుంచి 13 వేలు. పొద్దున పదికి వెళితే షట్టర్ వేసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆషాఢం ఆఫర్లు, దసరా, సంక్రాంతి రోజుల్లో సెలవు మాటెత్తకూడదు. మా మరదలు ఉయ్యూరు నుంచి బందరు రోడ్డు మీద బస్సులో వస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, సిటీ బస్సులు, ఎక్స్‌ప్రెస్‌లలో ఫ్రీ కదా, పాసుకి పెట్టే డబ్బుతో ఇప్పుడు చీటీ కడుతోంది. అయితే వాళ్ళ షాపులో ఏం చేశారో తెలుసా? బస్సు ఫ్రీయే కదా అని రానుపోను ఇచ్చే 500 ఆపేశారు! ప్రైవేటు స్కూలు టీచరుగా చేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేయవచ్చు, కానీ వేసవి నెలలకి జీతం ఇస్తారా అని చేరేముందే కనుక్కోవాలి. చాలాచోట్ల ఇవ్వరు. మా ఆవిడ ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు, 16 వేలొస్తాయి. నైట్ డ్యూటీ అంటే పన్నెండు గంటలు.

మీ తమ్ముడికి చదువు అబ్బలేదన్నారు. దిగులు పడకండి. ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్లలో హెల్పరుగా చేరినవాడికి మొదట్లో నెలకు పది పన్నెండు వేలే. అదే చేయి తిరిగిన వెల్డరు పనున్న రోజున వెయ్యి రూపాయలు పట్టుకెళతాడు. డిగ్రీ చదివి మా ఆఫీసులో బిల్లులు కొట్టే కుర్రాడికి 14 వేలు. శనివారం పనివాళ్ళకు కూలి బట్వాడా అప్పుడు ఆ కుర్రాడే కవర్ల మీద పేర్లు రాస్తుంటాడు, అతని మొహం చూడాలి. కొత్త లారీల అమ్మకాలు తగ్గితే మాత్రం షెడ్లలో వారంలో మూడు రోజులే పని.

తాడేపల్లి దూరమని సింగ్‌నగర్, పాయకాపురం వైపు తక్కువ అద్దెకు ఇల్లు చూసుకోమని ఎవరైనా చెబితే తొందరపడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింది అంతస్తులు మునిగాయి. ప్రభుత్వం కింది వాటా ఇళ్ళకు 25 వేలిచ్చింది. మా పక్క షెడ్డులో పెయింటరు బండి, టీవీ, ఫ్రిజ్ మూడూ పోగొట్టుకున్నాడు, ఇంజన్‌లో బురద తీయించడానికి మెకానిక్ దగ్గర వరసలో నిలబడ్డాడు. అటు తీసుకోవాల్సివస్తే పై వాటా తీసుకోండి.

ఇప్పుడు మీరు హెచ్ఆర్‌కి ఫోన్ చేసి మూడు అడగండి: చేతికెంత, షిఫ్టులున్నాయా, కంపెనీ బస్సుందా. వారధి దగ్గర ఎక్కించుకునే బస్సుంటే పెట్రోలు డబ్బు మిగిలినట్టే, చేరిపోండి. నైట్ షిఫ్టులుండి బస్సు లేదంటే, రాత్రి రెండింటికి హైవే మీద లారీల మధ్య బైకు నడపడం మంచిది కాదు, ఇంకో రెండు వేలు పెంచినా ఒప్పుకోకండి.