పాఠకుల ప్రశ్నలు: పేరడీ పాటే కదా, మరి రిపీట్‌లో ఎందుకు వింటున్నాం?

ప్రశ్న: ఈ మధ్య 'ఎ మైటీ విండ్' అనే ఇంగ్లీష్ కామెడీ సినిమా చూశానండీ. 1960ల నాటి అమెరికన్ ఫోక్ (జానపద) సింగర్స్‌ని ఆటపట్టిస్తూ తీసిన సినిమా. చూస్తున్నంతసేపు నవ్వుతూనే ఉన్నా. తర్వాత ఆ ఆల్బమ్ వెతుక్కుని మరీ వింటున్నా, ఇప్పుడు నవ్వు రావట్లేదు, పాటలు మాత్రం తెగ నచ్చేస్తున్నాయి. వెక్కిరించడానికి రాసిన పాట మామూలు పాటలా మనసుకి పట్టడం ఏంటి?

జవాబు: అవి నిజంగా మంచి పాటలండీ, అందుకే. మీరు ఒక్కరే కాదు, ఆ సినిమా చూసిన చాలామందికి ఇదే జరిగింది. 2003లో వచ్చింది, డైరెక్టర్ క్రిస్టఫర్ గెస్ట్, యూజీన్ లెవీతో కలిసి రాశాడు. డాక్యుమెంటరీ లాగా తీసిన కామెడీ కాబట్టి డైలాగులు చాలావరకు నటులు కెమెరా ముందు అప్పటికప్పుడు అల్లుకున్నవే, పాటలు మాత్రం అలా వదల్లేదు, ముందే కూర్చుని రాసి, ప్రాక్టీస్ చేసి, నటులే పాడి వాళ్లే వాయించారు. మాటల దగ్గర అంత స్వేచ్ఛ తీసుకున్నవాళ్లు పాట దగ్గరికొచ్చేసరికి అంత జాగ్రత్త పడ్డారంటే ఆ సంగీతం అంటే వాళ్లకి ఎంత ఇష్టమో అక్కడే తెలిసిపోతుంది.

ఒక పాట తీసుకుందాం. ఫోక్స్‌మెన్ అనే ముగ్గురి గ్రూప్ పాడే 'బ్లడ్ ఆన్ ద కోల్'. అమెరికన్ ఫోక్‌లో విషాద గీతాలు బోలెడు, వాటిలో రైలు ప్రమాదాల పాటలు ఒక రకం, బొగ్గు గని ప్రమాదాల పాటలు ఇంకో రకం. ఊరికే కల్పించినవి కావు. 1903 సెప్టెంబర్ 27న వర్జీనియాలో డాన్‌విల్ దగ్గర ఓల్డ్ 97 అనే మెయిల్ రైలు లేటైన టైమ్ కవర్ చేసుకోవాలని స్పీడుగా వస్తూ వంతెన మీంచి కిందపడింది, 11 మంది చనిపోయారు, దాని మీద జనం పాట కట్టుకున్నారు, 1924లో వెర్నన్ డాల్‌హార్ట్ పాడిన రికార్డు అయితే విపరీతంగా అమ్ముడుపోయింది. సినిమా వాళ్లు ఏం చేశారంటే ఆ రెండు రకాల పాటల్నీ కలిపేసి రైలుని తీసుకెళ్లి బొగ్గు గనిలోకి తోలేశారు. రైలు పొరపాటున గని సొరంగంలోకి దూరింది, జోక్ అంతే! మిగతాదంతా పద్ధతిగా ఉంటుంది, తేదీ చెప్పి కథ మొదలుపెట్టడం, పల్లవి దగ్గర మూడు గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కడం, గిటార్ మీద ఆ నాలుగైదు కార్డ్‌లే (కలిపి మీటే స్వరాలు) తిరిగి తిరిగి రావడం, ఏదీ తప్పించలేదు. ముందు చెవి నమ్మాలి ఇది అసలు సిసలు ఫోక్ పాటే అని, అప్పుడే బుర్రకి జోక్ తగులుతుంది. ట్యూన్ నాసిరకంగా ఉండి, పాడేవాడు కావాలని శృతి తప్పుతూ, ముఖం వంకర్లు తిప్పుతూ ఉంటే ఒక్కసారి నవ్వుతాం, రెండోసారి పెట్టుకోం.

నాకు వ్యక్తిగతంగా బాగా ఇష్టమైన భాగం వేరే ఉంది. 'నెవర్ డిడ్ నో వాండరిన్' అనే పాట ఆ సినిమాలో రెండు రకాలుగా వినిపిస్తుంది. ఫోక్ పాటల్లో హీరో ఎప్పుడూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు కదా, ఈ పాటలో మనిషి జీవితంలో ఎక్కడికీ పోలేదు, ఆ పోకపోవడం గురించే గంభీరంగా పాడుతుంటాడు. ఫోక్స్‌మెన్ దీన్ని కచేరీలో మొదటి పాటగా పెట్టుకుంటే, వాళ్లకన్నా ముందు స్టేజ్ ఎక్కిన న్యూ మెయిన్ స్ట్రీట్ సింగర్స్ (తొమ్మిది మంది, అందరికీ ఒకే డ్రెస్సు, ఒకే నవ్వు) అదే పాట అందుకుంటారు. పదాలు అవే, ట్యూన్ అదే, కానీ ఫోక్స్‌మెన్ గొంతుల్లో ఉన్న ఆ గరుకుతనం మొత్తం పోయి పంచదార పాకంలా అయిపోతుంది. తెర వెనక ఈ ముగ్గురూ బిత్తరపోయి వింటుంటారు. 1960 ప్రాంతంలో ఫోక్ సంగీతం పాపులర్ అయ్యే క్రమంలో దానికి ఏం జరిగిందో చెప్పడానికి ఎవరైనా పెద్ద వ్యాసం రాయాలి, వీళ్లు ఒకే పాటని రెండుసార్లు పాడించి చెప్పేశారు. అరేంజ్‌మెంట్ (పాటని ఏ గొంతులతో, ఏ వాయిద్యాలతో ఎలా వినిపించాలనేది) మీద అంత పట్టు లేకపోతే ఇలాంటి జోక్ ఆలోచన కూడా రాదు.

ఇక మిచ్ అండ్ మికీ సంగతి. యూజీన్ లెవీ, క్యాథరిన్ ఒహారా చేసిన ఆ జంట ఎప్పుడో విడిపోయి ఏళ్ల తర్వాత మళ్లీ కలిసి పాడతారు, 'ఎ కిస్ ఎట్ ది ఎండ్ ఆఫ్ ద రెయిన్‌బో'. వెనకటికి ఆ పాటలో ఒకచోట ఇద్దరూ ముద్దు పెట్టుకునేవాళ్లు, ఇప్పుడు పెట్టుకుంటారా లేదా అని తెర వెనక మిగతా కళాకారులందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటారు, మనమూ అంతే. ఆ రెండు మూడు నిమిషాలు సినిమా కామెడీ అన్న సంగతే గుర్తుండదు. ఆ పాట రాసింది ఫోక్స్‌మెన్‌లో ఒకరిగా చేసిన మైఖేల్ మెకీన్, ఆయన భార్య అనెట్ ఓటూల్. ఆస్కార్‌కి నామినేట్ అయింది, 2004 వేడుకలో లెవీ, ఒహారా ఆ పాత్రల్లోనే వచ్చి పాడారు కూడా. టైటిల్ సాంగ్‌కి గ్రామీ వచ్చింది. మీ చెవులు మిమ్మల్ని మోసం చేయలేదండీ.

ప్రశ్న: ఎంత ప్రేమ అన్నా చివరికి అది ఎగతాళే కదా? పేదవాళ్ల పాటలు, కార్మికుల పాటలు అవి. వాటిమీద జోకులేంటి?

జవాబు: మీ బాధ అర్థమైంది, కానీ బాణం ఎటు వేశారో చూడండి. ఈ సినిమాలో నవ్వు ఎక్కువగా ప్యాకేజింగ్ మీద ఉంటుంది. 1958లో కింగ్‌స్టన్ ట్రయో అనే ముగ్గురి గ్రూప్ పాడిన 'టామ్ డూలీ' అమెరికాలో నంబర్ వన్ అయ్యాక రికార్డు కంపెనీలన్నీ ఫోక్ వెంట పడ్డాయి, యూనిఫామ్ లాంటి చొక్కాలు, పాటకి ముందు పెద్ద ఉపన్యాసం, ఉరిశిక్ష పాటని కూడా నవ్వుముఖంతో పాడేయడం, ఇవన్నీ అప్పుడు బాగా ముదిరాయి. నవ్వేది వాటిని చూసి. గని కార్మికుడిని చూసి ఎవరూ నవ్వట్లేదు.

ఇంకోటి, పేరడీ అనేది ఫోక్‌కి బయట నుంచి వచ్చిన జబ్బేమీ కాదు. జో హిల్ అనే కార్మిక సంఘం మనిషి 1911లో చర్చిలో పాడే ఒక భక్తి గీతం ట్యూన్‌కి తన మాటలు పెట్టి 'ద ప్రీచర్ అండ్ ద స్లేవ్' కట్టాడు, చచ్చాక స్వర్గంలో తిండి దొరుకుతుందిలే అని ఆకలిగా ఉన్నవాడికి చెప్పే బోధకుడిని చెడామడా వాయించాడు. ఫోక్ సింగర్ వుడీ గత్రీ 'దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్' 1940లో రాసింది కూడా అప్పట్లో రేడియోలో మోగిపోతున్న 'గాడ్ బ్లెస్ అమెరికా' మీద చిరాకుతోనే, ట్యూన్ కార్టర్ ఫ్యామిలీ అనే పాత గ్రూప్ పాట నుంచి తీసుకున్నాడు. తెలిసిన ట్యూన్ పట్టుకుని మాట మార్చడం ఆ పాటలు కట్టినవాళ్లకి మొదట్నుంచీ ఉన్న అలవాటే. కాకపోతే ట్యూన్ మీద గౌరవం లేనివాడు చేస్తే మాత్రం మీరన్నట్టు ఎగతాళే అవుతుంది, అలాంటివి నేనూ భరించలేను.

ప్రశ్న: ఇదే టైప్‌లో ఇంకేమైనా చెప్పండి ప్లీజ్.

జవాబు: ముందు 1984లో వచ్చిన 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' చూడండి. అది హెవీ మెటల్ మీద, ఫోక్ కాదు, కానీ ఫోక్స్‌మెన్‌గా చేసిన గెస్ట్, మెకీన్, హ్యారీ షియరర్ ముగ్గురే అందులో రాక్ బ్యాండ్. ఫోక్స్‌మెన్ కూడా మొదట కనిపించింది అదే ఏడాది, సాటర్‌డే నైట్ లైవ్ అనే అమెరికన్ టీవీ కామెడీ షోలో. తర్వాత స్పైనల్ ట్యాప్ కచేరీలకి ఫోక్స్‌మెన్‌నే ఓపెనింగ్ గ్రూప్‌గా పెట్టారు, అంటే వాళ్లకి వాళ్లే ఓపెనింగ్ అన్నమాట! 'ఎ మైటీ విండ్'కి దాదాపు 20 ఏళ్ల ముందు నుంచి ఈ పాటలతో కాపురం చేస్తున్నారు కాబట్టే ఆ గొంతులు అంత బాగా కలిశాయి.

ఇంకోటి 2013 నాటి 'ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్', కోయెన్ బ్రదర్స్ తీశారు, 1961 న్యూయార్క్ కథ. ఇది కామెడీ అని చెప్పి కూర్చోబెడితే మీరు నన్ను తిట్టుకుంటారు, చాలా దిగులు సినిమా. కానీ మధ్యలో 'ప్లీజ్ మిస్టర్ కెన్నెడీ' అని ఒక రికార్డింగ్ సీన్ ఉంది, నన్ను అంతరిక్షంలోకి పంపొద్దు మహాప్రభో అని ప్రెసిడెంట్‌ని బతిమాలే పాట. ఆస్కర్ ఐజాక్, జస్టిన్ టింబర్‌లేక్ సీరియస్‌గా పాడుతుంటే పక్కన ఆడమ్ డ్రైవర్ బొంగురు గొంతుతో విచిత్రమైన శబ్దాలు అందిస్తుంటాడు. మొదటిసారి అతన్నే చూస్తారు. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్లు మాత్రం వినండి, ఎంత టైట్‌గా వాయించారో తెలుస్తుంది. ఆ సినిమాలో మిగతా పాటలు సీరియస్‌వి, చాలావాటిని మధ్యలో కట్ చేయకుండా పూర్తిగా పాడనిచ్చారు, కాబట్టి చూసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి.