పత్తి సాళ్ల మధ్య పప్పు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాకు మూడెకరాల చెలక, మొత్తం పత్తే. ఇంట్లో ఐదుగురం. పప్పు, జొన్నలు, కూరలు అన్నీ కొనుక్కోవడమే. పత్తి తగ్గించకుండా ఇంటి తిండికి చోటు దొరుకుతుందా?
(వికారాబాద్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దొరుకుతుందమ్మా. ముందు పప్పు సంగతి చూడండి. ఐదుగురికి రోజుకు 300 గ్రాములు వేసుకుంటే ఏడాదికి దాదాపు 110 కిలోల పప్పు. ఇంట్లో విసిరితే కిలో కందులకు 650 నుంచి 700 గ్రాముల పప్పు దిగుతుంది. అంటే 160 కిలోల పైచిలుకు కందులు కావాలి. ఆరు సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేయండి. ఎకరానికి అర కిలో విత్తనం చాలు. మూడెకరాల్లోనూ ఇలా వేస్తే, వాన మరీ మొండిచెయ్యి చూపితే తప్ప ఏడాది పప్పు ఇంటికి వస్తుంది.

రకం మాత్రం నేలను చూసి ఎంచాలి. ఆశ (ఐసీపీఎల్ 87119) ఎండు తెగులునూ గొడ్డుమోతు తెగులునూ తట్టుకుంటుంది, కానీ 170-180 రోజుల పంట. నల్లరేగడిలో పదును నిలుస్తుంది కాబట్టి అక్కడ సరే. చెలకలో అక్టోబరులో వాన ఆగిపోతే ఆ పంట పూత మీదే వాడిపోతుంది. మీకు ఇంకా ముందే చేతికొచ్చే పీఆర్‌జీ 176 లాంటి రకం నయం.

జొన్నను చేను చుట్టూ మూడు నాలుగు సాళ్లు వేయండి. రసం పీల్చే పురుగులకు అడ్డుగోడలా ఉంటుంది. పాలు పోసుకునే దశలో పిట్టల కాపలా తప్పదు.

కూరల విషయంలో ఒక హెచ్చరిక. గోంగూర, బెండ పత్తి సాళ్లలో వేయకండి. రెండూ పత్తి కుటుంబానివే కాబట్టి తెల్లదోమ, పచ్చదోమ, పిండినల్లి ఒకదాని మీంచి ఒకదాని మీదికి వెళ్తాయి. పైగా పత్తికి కొట్టిన మందు ఆ ఆకు మీద పడుతుంది, అది నేరుగా కూరకుండలోకే. గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట, ఇంటి దగ్గరే, ఒక గుంట జాగాలో తోటకూర, గోంగూర, బచ్చలి, రెండు మునగ చెట్లు పెట్టుకోండి. పందిరికి చిక్కుడు పాకిస్తే చలికాలమంతా కాయ.

కలుపు మందు కొట్టినా చావదని చాటుగా అమ్మే పత్తి విత్తనం జోలికి వెళ్లకండి. దానికి దేశంలో అనుమతి లేదు. ఆ మందు కొట్టిన చేలో కంది సాలు బతకదు. గంగవాయిలి, తుమ్మి, దొగ్గలి లాంటి కూరలు కూడా మాడిపోతాయి. వానాకాలం చేలో ఊరికే దొరికే ఆకుకూర పోవడం చిన్న నష్టం కాదు.

ప్రశ్న: నిరుడు హైబ్రిడ్ జొన్న బాగా పండిందని అందులోంచే విత్తనం ఉంచాం. ఈసారి కొన్ని మొక్కలు నడుమెత్తు, కొన్ని తలకు మించి, కంకులూ ఒక్కసారి రాలేదు. తప్పెక్కడ?

జవాబు: మీ సేద్యంలో తప్పు లేదు. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు తల్లిదండ్రుల మొదటి కాన్పు. రెండో తరంలో ఆ గుణాలు విడిపోయి ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. ఏటా విత్తనం దాచుకోవాలంటే హైబ్రిడ్ కాని సూటి రకాలో, పచ్చజొన్న లాంటి నాటు రకాలో వేసుకోవాలి. పచ్చజొన్న ఆలస్యంగా కంకి వేస్తుంది, గింజ గట్టిపడేసరికి వానలు వెనకబడతాయి. అందుకే గింజ నల్లబడి బూజు పట్టడం తక్కువ. త్వరగా వచ్చే తెల్ల హైబ్రిడ్ ముసురులో చిక్కితే సంగటికి కూడా పనికిరాదు.

విత్తనానికి చేను నడిమధ్య నుంచి, తెగులు లేని యాభై కంకులకు తగ్గకుండా కోయండి. రెండు మూడు కంకుల నుంచే తీస్తే ఏటికేడు రకం బలం తగ్గుతుంది. కందిలో తేనెటీగలు పుప్పొడి కలుపుతాయి కనుక పక్క చేలో వేరే రకం ఉంటే గట్టు వైపు మొక్కల నుంచి విత్తనం తీయకండి.

దాచుకోవడం, ఇరుగుపొరుగుతో మార్చుకోవడం 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం రైతుకిచ్చిన హక్కు. బ్రాండు పేరు వేసి అమ్మడమే కుదరదు.

ప్రశ్న: విత్తన కందులు ఏటా ఏప్రిల్‌కల్లా పుచ్చిపోతున్నాయి. వేపాకు వేసినా ఆగడం లేదు.

జవాబు: పురుగు డబ్బాలోకి బయటి నుంచి రావడం లేదు, చేను నుంచే వస్తోంది. కాయ ఎండేటప్పుడే తల్లి పురుగు గుడ్లు పెడుతుంది. గింజను వెలుతురులో తిప్పి చూస్తే తెల్లటి చిన్న చుక్క అంటుకుని కనిపిస్తుంది, అదే గుడ్డు. పిల్ల పురుగు గుడ్డు కింది నుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. గుండ్రటి కన్నం కనబడిందంటే పెద్ద పురుగు బయటికి వెళ్లిపోయినట్టే.

అందుకే నూర్చిన వారంలోపే పని కావాలి. రెండు మూడు రోజులు ఎండలో పోసి, పంటి కింద గింజ టక్కున విరిగేదాకా ఆరబెట్టండి. వేడి మీద డబ్బాలో పోస్తే చెమ్మ పట్టి బూజొస్తుంది, రాత్రంతా చల్లారనివ్వండి. తర్వాత కిలోకు ఒక చెంచా (5 మిల్లీలీటర్లు) వేరుశనగ నూనెగానీ వేపనూనెగానీ పోసి, ప్రతి గింజా మెరిసేలా చేత్తో రుద్దండి. గుడ్డుకు ఊపిరాడక చస్తుంది. డబ్బాను అంచుదాకా నింపి మూత చుట్టూ మట్టితో మెత్తండి. వేపాకు పురుగును కాస్త బెదరగొడుతుందేగానీ గుడ్డును చంపదు. గింజ పురుగుకు పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ విషపు బిళ్లలు మనుషులు పడుకునే ఇంట్లో ఎప్పుడూ వాడకండి, ఆ వాయువు ప్రాణం తీస్తుంది.

మే నెలలో నూరు గింజలు తడి గోనెలో చుట్టి, ఆరో రోజు లెక్కపెట్టండి. 75 మొలిస్తే మంచిది. 60 మొలిస్తే అర కిలో బదులు 625 గ్రాములు విత్తండి.

ప్రశ్న: మిగిలిన గులాబీ రంగు విత్తనాలు కడిగి తినొచ్చా?

జవాబు: వద్దు. కోళ్లకు కూడా వేయకండి. ఆ రంగు తెగుళ్ల మందు పట్టించారని గుర్తు, కడిగితే రంగు పోయినా మందు పోదు. పొట్లం పిల్లలకు అందని చోట పెట్టండి.

ప్రశ్న: కాన్పయిన కోడలికి రక్తం తక్కువని చెప్పారు. రాగులు వేయమంటారా, సజ్జలు వేయమంటారా?

జవాబు: రక్తానికి సజ్జ, ఎముకలకు రాగి. నూరు గ్రాముల సజ్జలో సుమారు 6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, పాలిష్ బియ్యంలో ఒకటి కూడా ఉండదు. రాగిలో కాల్షియం 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. హైదరాబాద్ దగ్గరి మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధనలోంచి వచ్చిన ధనశక్తి సజ్జలో ఇనుము ఇంకా ఎక్కువ, పైగా హైబ్రిడ్ కాదు, విత్తనం దాచుకోవచ్చు. అయితే సజ్జ పరపరాగ పంట, అంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క మీద పడి గింజ కడుతుంది. వేరే సజ్జ చేనుకు 200 మీటర్ల దూరం ఉండాలి, విత్తనం నూరు కంకులకు తగ్గకుండా తీయాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు ఆపకండి, సజ్జ వాటికి బదులు కాదు. రొట్టెతో నిమ్మకాయో ఉసిరికాయో తినిపించండి, ఇనుము ఎక్కువ ఒంటబడుతుంది. భోజనం వెంటనే టీ ఇస్తే ఆ మేలు పోతుంది, గంట ఆగాలి. సజ్జపిండిలో కొవ్వు ఎక్కువ కాబట్టి వారం దాటితే చేదెక్కుతుంది. నాలుగైదు రోజులకు సరిపడానే పట్టించండి.