పెదవి కుట్లతో పని అయిపోదు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకి గ్రహణం మొర్రి ఉందని, పెదవితో పాటు అంగిలి కూడా చీలి ఉందని నువ్వు ఫోన్‌లో చెబుతుంటే నీ గొంతులో భయంతో పాటు "నేనేం తప్పు చేశానో" అన్న బాధ కూడా వినబడింది. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. కడుపులో బిడ్డకి పెదవి కలిసేది 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి కలిసేది ఆ తర్వాత రెండు మూడు వారాల్లో. ప్రపంచంలో సుమారు 700 మంది పిల్లల్లో ఒకరు ఇలా పుడుతున్నారు. చాలామంది విషయంలో ఇదీ కారణమని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేరు. నువ్వు చేసిందీ, చెయ్యనిదీ ఏమీ లేదు.

ఇన్నేళ్లూ స్పీచ్ థెరపిస్టుగా ఇలాంటి పిల్లలతోనే గడిపాను కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెప్తాను. పెదవికి కుట్లు వేశాక ముఖం ముద్దుగా కనబడుతుంది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. పిల్లాడి మాటకి, చదువుకి అడ్డం పడేది మాత్రం నోటి లోపల ఉంటుంది. అంగిలిని, దాన్ని ఆనుకుని ముక్కు వెనక నుంచి చెవి లోపలికి పోయే గొట్టాలని నువ్వు ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి.

ఇప్పటికైతే పాల సంగతి చూడు. అంగిలి మూసుకోలేదు కాబట్టి బాబు చప్పరించినా పాలు లాగలేడు, అలిసిపోతాడు. నీ పాలే పిండి, మెత్తగా నొక్కితే ధార వచ్చే సీసాతో పట్టు. పడుకోబెట్టి పట్టకు, కూర్చున్నట్టు నిలువుగా ఒళ్లో పెట్టుకో. మధ్య మధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించు. పాలు ముక్కులోంచి కారితే కంగారు పడకు, కాసేపు ఆపి మళ్లీ పట్టు. అరగంట దాటినా తాగుతూనే ఉంటే ఆ శ్రమకే ఒంట్లో శక్తి పోతోందని అర్థం, వెంటనే డాక్టరుకి చెప్పు. బరువు మాత్రం తరచూ చూపిస్తూ ఉండు. బరువు పెరగకపోతే ఆపరేషన్ వెనక్కి పోతుంది.

పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య చేస్తారు. అంగిలికి ఏడాది అటూ ఇటూ, 18 నెలలు దాటనివ్వరు. "ఇంకాస్త పెద్దవాడయ్యాక చేయిద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోకు. అంగిలి మాత్రమే చీలి, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధన 2023లో వెలువడింది. వాళ్లకి 5 ఏళ్లు వచ్చాక చూస్తే, 6 నెలలకే ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 9 మందికి మాట్లాడేటప్పుడు అంగిలి వెనక భాగం ముక్కుదారిని సరిగా మూయడం లేదు, ఏడాదికి అయినవాళ్లలో 15 మందికి. మీ బాబుకి పెదవి కూడా చీలింది కాబట్టి ఏ నెలలో చెయ్యాలో సర్జనే చెప్పాలి. కానీ ఆలస్యం చేస్తే మాటకే నష్టమని మీ ఆయనకి కూడా చెప్పు.

మత్తు మందు వల్ల బుర్ర మొద్దుబారుతుందేమోనని అడిగావు. డెన్మార్క్‌లో ఇలాంటి పిల్లల బడి మార్కులు పరిశీలించారు. పెదవి మాత్రమే చీలిన పిల్లలు మిగతావాళ్లతో సమానంగానే ఉన్నారు, అంగిలి మాత్రమే చీలినవాళ్లు సగటున కాస్త వెనకబడ్డారు. ఎన్నిసార్లు మత్తు ఇచ్చారన్న దానికంటే ఏ రకం చీలిక అన్నదే ఎక్కువ తేడా చూపించింది. కాబట్టి మత్తుకి భయపడి ఆపరేషన్ వాయిదా వెయ్యకు.

ఇక చెవుల సంగతి. అంగిలిని కదిలించే కండరాలే చెవి గొట్టాన్ని తెరుస్తాయి. అవి సరిగా అతుక్కుని ఉండవు కాబట్టి అంగిలి చీలిన పిల్లల్లో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు చెవి పొర వెనక జిగురులాంటి నీరు చేరుతుంది. నొప్పి ఉండదు, చీము కారదు, అందుకే ఎవరూ కనిపెట్టరు. ఒకరోజు వినబడుతుంది, జలుబు చేసిన రోజు వినబడదు. "వాడికి మొండితనం, పిలిస్తే పలకడు" అంటారు. మొండితనం కాదది, వినబడటం లేదంతే. మాటలు నేర్చుకునే వయసంతా ఇలా గడిస్తే బడిలో అక్షరాల శబ్దాలు పట్టుకోవడం కష్టమవుతుంది. వినికిడి పరీక్ష ఇప్పుడొకసారి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రతిసారీ చేయించు. అవసరమైతే చెవి పొరలో గ్రొమెట్ అని చిన్న గొట్టం పెడతారు.

మాట కూడా ఇంట్లోనే గమనించవచ్చు. మామ, నాన్న అన్న మాటల్లో గాలి ఎలాగూ ముక్కులోంచే పోతుంది కాబట్టి అవి ఈ పిల్లలకి తేలిగ్గా వస్తాయి. పాప, తాత అనాలంటే నోట్లో గాలి నిలవాలి. అంగిలి ఆపరేషన్ అయ్యి, మాటలు వచ్చాక బాబు ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పాపా" అనిపించు. అద్దం మసకబారితే గాలి ముక్కులోకి జారుతోందన్నమాట. థెరపిస్టుకి చూపించు. కొందరికి రెండో ఆపరేషన్ కావాలి, దానికి దిగులు పడకు. "మళ్లీ సరిగ్గా అను" అని నలుగురిలో వాణ్ని నిలదియ్యొద్దు, మిగతావాళ్లని నిలదియ్యనివ్వొద్దు. వాడు తప్పు పలికినా నువ్వు ఆ మాట మామూలుగా సరిగ్గా పలికి సంభాషణ సాగించు.

బడిలో చేర్చిన రోజే టీచరుతో కూర్చుని మాట్లాడు. ముందు బెంచీలో కూర్చోబెట్టమను. మాట ముద్దగా ఉంటే తెలివి తక్కువని అనుకునే టీచర్లు ఉంటారు, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అదే. పైకి చదివించి మార్కులు వేసేటప్పుడు ఉచ్చారణకి మార్కులు కొయ్యొద్దని అడుగు. చదవడంలో వెనకబడుతున్నాడనిపిస్తే "పోనుపోను వస్తుందిలే" అనుకోకుండా వెంటనే పరీక్ష చేయించు. ఆపరేషన్లు, వీలైనంత వరకు, సెలవుల్లో పడేలా చూసుకో.

తోటిపిల్లలు మచ్చ గురించి అడుగుతారు. "పుట్టినప్పుడు పెదవి అతుక్కోలేదు, డాక్టరు కుట్టారు" అని చెప్పడం నాలుగేళ్లకే నేర్పు. జవాబు చేతిలో ఉన్న పిల్లాడు తలొంచుకోడు. అయినా వెక్కిరింపు ఆగకపోతే అది టీచరు బాధ్యత, గట్టిగా అడుగు.

పళ్ల విషయం ఇంకా దూరం. పళ్ల చిగుళ్ల ఎముకలో సందుంటే 8 నుంచి 11 ఏళ్ల మధ్య, కోరపన్ను రాకముందు, ఎముక అతుకు వేస్తారు. అంతవరకు పాలపళ్లు పుచ్చకుండా కాపాడితే చాలు.

ఒక ఫైలు కొని ప్రతి కాగితం తేదీ వారీగా అందులో పెట్టు. ముందు వినికిడి పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకో, రిపోర్టు రాగానే ఫోటో తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
పెద్దమ్మ