గ్లాస్టర్ వేషం కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

కింగ్ లియర్ నాటకంలో నీకు గ్లాస్టర్ వేషం ఇచ్చారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. లియర్ దక్కలేదని చిన్నబుచ్చుకున్నావట. కూతుళ్ల చేతిలో మోసపోయిన తండ్రి పక్కన, కొడుకు చేతిలో మోసపోయిన ఇంకో తండ్రిని షేక్‌స్పియర్ ఊరికే నిలబెట్టలేదురా. లియర్‌కు మతి పోతుంది, గ్లాస్టర్‌కు కళ్లే పోతాయి.

అందరి దృష్టీ మూడో అంకం చివర కళ్లు పీకే రంగం మీదే ఉంటుంది. నువ్వు మాత్రం మొదటి అంకంలోని ఉత్తరం దగ్గర మొదలుపెట్టు. గ్లాస్టర్ గుడ్డివాడయ్యేది అక్కడే. అక్రమ సంతానమైన చిన్నకొడుకు ఎడ్మండ్, తండ్రిని చంపుదామని అన్న ఎడ్గార్ తనకు రాసినట్టు ఒక దొంగ ఉత్తరం పుట్టించి, దాన్ని దాస్తున్నట్టు నటిస్తాడు, ఏమిటది అంటే ఏమీ లేదంటాడు. ఏమీ లేకపోతే నాకు కళ్లజోడు అక్కర్లేదులే, ఇటివ్వు అంటాడు తండ్రి. ఆ మాట ధీమాగా అను. ముందు ఏం జరగబోతోందో నీ గొంతుకు తెలియకూడదు. ఎదురుగా దొరికే తమ్ముడికి ఎడ్గార్ అంత ప్రమాదకరమైన సంగతి కాగితం మీద ఎందుకు పెడతాడని ఆయనకు తోచదు. పైగా ఇది మీ అన్న దస్తూరీయేనా అని చిన్నవాణ్ణి అడుగుతాడు. కన్నతండ్రికి పెద్దకొడుకు రాత తెలియదు! ఆ ప్రశ్న తర్వాత ఒక్క క్షణం ఆగు.

ఆ చిన్నవాడేమో తొమ్మిదేళ్లు దూరంగా ఉండి వచ్చినవాడు, మళ్లీ వెళ్లిపోవలసినవాడు. మొదటి రంగంలో వాడి ఎదుటే వాడి పుట్టుక గురించి వెకిలిగా మాట్లాడింది కూడా ఈ తండ్రే. అక్కడ నువ్వు మనసారా నవ్వితేనే ఎడ్మండ్ పగ జనానికి అర్థమవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తుఫాను రాత్రి. దివిటీ పట్టుకుని వస్తావు. ఎదురుగా ప్రాణభయంతో పిచ్చి బిచ్చగాడి వేషం వేసిన నీ కొడుకు ఎడ్గార్, పక్కన లియర్ దేశం నుంచి వెళ్లగొట్టినా మారువేషంలో ఆయన్నే కొలుస్తున్న కెంట్. ఇలా అవుతుందని పాపం కెంట్ ముందే చెప్పాడని కెంట్‌తోనే అంటావు. కన్నకొడుకే నన్ను చంపబోయాడని ఎడ్గార్ వింటుండగా చెబుతావు. అప్పటికి నీ రెండు కళ్లూ చక్కగా ఉన్నాయి. దివిటీ వెలుగు ఎడ్గార్ ముఖం మీద పడేలా పట్టుకో. దర్శకుడు వద్దంటే వాదించు.

ఇక లియర్‌కు సాయం చేసినందుకు నీ కళ్లు పీకే ఆ ఘోరం. నెత్తురు ఎంతన్నది మీ వాళ్ల ఇష్టం, నాకైతే గిన్నెడు ఎర్రరంగు చూస్తే నవ్వొస్తుంది. కళ్లు పోయాక నువ్వు సాయానికి పిలిచేది ఎడ్మండ్‌నే. నిన్ను పట్టిచ్చింది వాడేనని లియర్ కూతురు రీగన్ చెబుతుంది. ఎడ్గార్‌కు అన్యాయం జరిగిందని తెలుసుకుని గ్లాస్టర్, తనను క్షమించమనీ వాణ్ణి చల్లగా చూడమనీ దేవతలను వేడుకుంటాడు. అంతే, చిన్న మాటలు. పద్యనాటకాల అలవాటు కొద్దీ అక్కడ రాగం తీశావో, వేషం చెడినట్టే. గొంతు పెగలనట్టు చెప్పు.

ఆ తర్వాత చేతులు చాచి గాలిలో తడుముకునే గుడ్డివేషం వద్దు. సముద్రతీరంలోని డోవర్ ఊరి దారిలో, నీ గొంతు మారిందే, మాట తీరు బాగుపడిందే అని, తానెవరో చెప్పకుండా దారి చూపుతున్న ఎడ్గార్‌తో అంటాడు ముసలాయన. కళ్లున్నప్పుడు పసిగట్టనిది చెవి పసిగడుతోంది. కాబట్టి మాట వచ్చిన వైపు తల తిప్పి, విన్నాకే బదులివ్వు. కొండకొమ్మున ఉన్నాననుకుని చావడానికి దూకే చోట మెట్టు కూడా పెట్టనివ్వకు. చదును నేల మీద మోకరిల్లి ముందుకు పడు. జనం నవ్వితే నవ్వనీ, కంగారు పడకు.

గాయానికి అవిసె నార, గుడ్డు తెల్లసొన తెస్తానని ఒక సేవకుడు అనే మాటలు 1608లో అచ్చయిన నాటక ప్రతిలో ఉన్నాయి, 1623లో అచ్చయిన ప్రతిలో లేవు. మీ దర్శకుడు ఏది పట్టుకున్నాడో కనుక్కుని, ఆ మాటలు ఉంచమని అడుగు. కంటికట్టుకు పల్చని గుడ్డ తీసుకో. మొదటి రిహార్సల్ నుంచే అది కట్టుకుని నడువు.

ఆశీస్సులతో,
మీ మామయ్య