ఓట్లు అడగడానికి న్యూయార్క్ వెళ్తున్న మా మేనకోడలికి

చిన్నీ,

ఐక్యరాజ్యసమితిలో మన పర్మనెంట్ మిషన్‌కి, అంటే అక్కడి మన దేశ కార్యాలయానికి నీకు పోస్టింగ్ వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. అది సంతోషమో భయమో అక్కకే తెలిసినట్టు లేదు. నాకైతే రెండూ ఉన్నాయి. మన ఇంటి పిల్ల వెళ్లి 193 దేశాల మధ్య ఇండియా అని రాసున్న బల్ల దగ్గర కూర్చుంటుందంటే ఎంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. భయం ఎందుకంటావా, నువ్వు వెళ్తున్న సమయం అలాంటిది. 2028-29కి భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యత్వానికి నిలబడతామని మన దేశం 2022 డిసెంబరులోనే ప్రకటించింది. ఓటింగ్ 2027లో. అంటే నీ పనిలో సగం ఓట్లు అడగడమే. ఆ పనిలో మనం ఒకసారి ఎంత గట్టి దెబ్బ తిన్నామో మీ ట్రైనింగ్‌లో చెప్పారో లేదో నాకు తెలీదు, చెప్పినా రెండు లైన్లలో తేల్చేసి ఉంటారు. అందుకే ఇంత పొడుగు మెయిల్ రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మామూలు సంగతులు నీకు నేను చెప్పక్కర్లేదు. సమితి చార్టర్, జనరల్ అసెంబ్లీ ప్రొసీజర్ రూల్స్ కంఠతా రావాలి. నేర్చుకున్న ఫ్రెంచ్ వదిలెయ్యకు, ఆఫ్రికాలో సగం దేశాలతో అదే పనికొస్తుంది. చలికి బూట్లు ఇక్కడ కొనొద్దు, అక్కడే కొనుక్కో. టైమ్‌కి తిను.

ఇక 1996 సంగతి.

ఆ ఏడాది జెనీవాలో సీటీబీటీ మీద, అంటే అణుపరీక్షల్ని పూర్తిగా నిషేధించే ఒప్పందం మీద చర్చలు ముగింపుకొచ్చాయి. అప్పటికే బాంబులున్న ఐదు దేశాలు తమవి ఎప్పటికి వదులుకుంటాయో గట్టిగా ఒక్క మాట చెప్పవు, మిగతావాళ్లు మాత్రం ఇక పరీక్షలు చెయ్యకూడదు. అణ్వాయుధాలు ఇంకెవరికీ వ్యాపించకూడదన్న 1968 నాటి ఒప్పందం ఎన్‌పీటీ మీద మనం సంతకం పెట్టకపోవడానికి కూడా కారణం ఈ తేడానే. జెనీవాలో మన రాయబారి అరుంధతీ ఘోష్ లేచి, ఈ అసమాన ఒప్పందం మీద సంతకం పెట్టం, ఇప్పుడూ పెట్టం, తర్వాతా పెట్టం అని మొహం మీదే చెప్పేశారు. ఎంత ఒత్తిడి వచ్చినా కదల్లేదు. అక్కడ ఏకాభిప్రాయం కుదరకపోయేసరికి ఆ ఒప్పందాన్ని న్యూయార్క్ పట్టుకెళ్లి సెప్టెంబర్ 10న జనరల్ అసెంబ్లీలో ఓటుకు పెట్టారు. అనుకూలంగా 158, వ్యతిరేకంగా 3. ఆ ముగ్గురూ మనమూ, భూటానూ, లిబియా. నన్నడిగితే ఆ రోజు మనం చేసింది నూటికి నూరు పాళ్లూ సరైన పని. ఎవరేమన్నా నేను ఈ మాట మార్చను.

తప్పు ఆ తర్వాత జరిగింది. ఆరు వారాలు తిరక్కుండానే అక్టోబర్ 21న భద్రతా మండలి ఎన్నిక. ఆసియా సీటుకి మనమూ జపానూ పోటీ. అందరి మాటా కాదని ఒంటరిగా నిలబడ్డ దేశం, అదే హాల్లో, అదే జనం దగ్గర ఓటు అడగాలంటే ముందు ఎంత పని చెయ్యాలి? జపాన్ ఎప్పట్నుంచో ఒక్కో దేశానికీ తిరుగుతోంది, పైగా వాళ్ల సాయంతో ఆఫ్రికాలో, పసిఫిక్‌లో రోడ్లు, ఆసుపత్రులు లేస్తున్నాయి. మనకేమో అలీనోద్యమం ఉందన్న ధీమా. వాళ్లంతా మనవాళ్లే కదా, ఎక్కడికి పోతారులే అనుకున్నాం. పెట్టె తెరిచి లెక్కపెడితే జపాన్‌కి 142, మనకి 40. అలీనోద్యమంలోనే అప్పటికి వందకు పైగా దేశాలున్నాయి చిన్నీ. మనకి నలభై.

నేనప్పుడు ఆఫ్రికాలో ఒక చిన్న దేశంలో మన ఎంబసీలో కింది స్థాయిలో పనిచేసేవాణ్ణి. మా పై అధికారి ఆ దేశపు విదేశాంగ శాఖకి మద్దతు అడగడానికి వెళ్తే నోట్స్ రాసుకోడానికి నేనూ వెంట వెళ్లాను. ఆ గది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పైన ఫ్యాన్ తిరుగుతూ కాగితాల్ని లేపుతుంటే ఆ శాఖ పెద్దాయన వాటి మీద గాజు పేపర్‌వెయిట్లు పెట్టుకుంటూ మాట్లాడుతున్నాడు. మాకు టీ పోయించాడు, గాంధీ గారి గురించి, వర్ణవివక్ష మీద మన పోరాటం గురించి ఎంతో ప్రేమగా మాట్లాడాడు. మధ్యలో, మా కుర్రాళ్లకి మీ దగ్గర ఐటెక్ (వేరే దేశాలవాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే శిక్షణ) ట్రైనింగ్ సీట్లు అడిగి చాలా రోజులైంది, జవాబు రాలేదే అన్నాడు. మావాళ్లు, చూస్తాం చూస్తాం అన్నారు. చివర్లో ఆయన, మీ అభ్యర్థిత్వాన్ని మా ప్రభుత్వం చాలా సానుకూలంగా పరిశీలిస్తుంది అన్నాడు. అంతే అన్నాడు, దానికి ఒక్క ముక్క ఎక్కువ లేదు. బయటికొస్తే రోడ్డుకి అవతల కొత్త ఆసుపత్రి కడుతున్నారు, గేటు దగ్గర పెద్ద బోర్డు మీద జపాన్ జెండా.

ఆ సాయంత్రం ఎంబసీ నుంచి ఢిల్లీకి వెళ్లిన కేబుల్‌లో, అంటే అధికారిక సందేశంలో ఏముందో తెలుసా? మద్దతు ఖాయం అని ఉంది. ట్రైనింగ్ సీట్ల మాట లేదు. ఆసుపత్రి బోర్డు మాట లేదు. నా నోట్స్‌లో మూడూ ఉన్నాయి, కేబుల్‌లోకి మాత్రం ఢిల్లీకి నచ్చే మాట ఒక్కటే ఎక్కింది. మా అధికారి చెడ్డవాడేం కాదు, పైవాళ్లు వినాలనుకుంటున్నది రాయడం ఆయనకి అలవాటైపోయింది, అంతే. ఇలాంటి కేబుల్స్ ఇంకెన్ని రాజధానుల నుంచి వెళ్లాయో! మన ఊళ్లో పంచాయతీ ఎన్నికలు గుర్తు తెచ్చుకో, గుమ్మంలోకొచ్చిన ప్రతి అభ్యర్థికీ మంచినీళ్లిచ్చి, మీకే వేస్తాంలెండి అంటారు. ఆ మాట నమ్మి విజయోత్సవానికి టపాకాయలు కొనేవాణ్ణి మనం ఏమంటాం?

ఆ ఓటమి ఖరీదు అక్కడితో ఆగలేదు. మనం పోగొట్టుకున్న సీటు కాలం 1997, 98. మనం పోఖ్రాన్‌లో పరీక్షలు చేసింది 1998 మేలో. జూన్ 6న భద్రతా మండలి 1172 తీర్మానంతో మనల్నీ పాకిస్తాన్‌నీ కలిపి ఏకగ్రీవంగా ఖండించింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో జపాన్ ఉంది. మనం ఉంటే తీర్మానం ఆగేదని నేననను, కానీ ఆ ఏకగ్రీవం అనే మాట ఉండేది కాదు, లోపల జరిగే బేరసారాల్లో మన గొంతు కూడా వినిపించేది. ఆ తర్వాత 2001లో న్యూయార్క్ మీద దాడులు జరిగినప్పుడు, 2003లో ఇరాక్ యుద్ధం వచ్చినప్పుడు కూడా మండలిలో మనకి కుర్చీ లేదు. 1992లో లేచొచ్చిన దేశం మళ్లీ 2011లో గానీ కూర్చోలేదు.

మళ్లీ ఎలా గెలిచామో కూడా చెప్పాలి, లేకపోతే నిన్ను భయపెట్టడానికే రాసినట్టుంటుంది. 2010 నాటికి పద్ధతి మారింది. చాలా ముందునుంచే పని మొదలైంది. ఆసియా నుంచి పోటీలో ఉన్న కజకిస్తాన్ మన కోసం తప్పుకుంది. 191 ఓట్లలో 187 వచ్చాయి. ఇంకా గొప్పది 2017లో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నిక. మన దల్వీర్ భండారీకి ఎదురు బ్రిటన్ జడ్జి. గెలవాలంటే మండలిలోనూ అసెంబ్లీలోనూ రెండుచోట్లా మెజారిటీ రావాలి. మండలిలో బ్రిటన్‌ది పైచేయి, జనరల్ అసెంబ్లీలో మనది. రౌండ్ మీద రౌండ్ నడిచినా అసెంబ్లీలో మన ఓట్లు చెక్కుచెదరలేదు, చివరికి నవంబర్ 20న బ్రిటన్ తన అభ్యర్థిని వెనక్కి తీసుకుంది. 1946లో కోర్టు మొదలైనప్పట్నుంచీ అందులో బ్రిటన్ జడ్జి లేకపోవడం అదే మొదటిసారి. అప్పుడు సమితిలో మన పర్మనెంట్ రిప్రజెంటేటివ్, అంటే మన రాయబారి, మన హైదరాబాదీ, సయ్యద్ అక్బరుద్దీన్. ఆ రోజు నేను వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

కాబట్టి నీకు నేను చెప్పేది ఇదీ. విన్నది విన్నట్టు రాయి. ఒక రాయబారి తల ఊపితే తల ఊపాడనే రాయి, ఒప్పుకున్నాడని రాయకు. మాటగా ఇచ్చిన హామీ వేరు, నోట్ వెర్బాల్‌లో, అంటే ప్రభుత్వం తరఫున పంపే అధికారిక లేఖలో రాసిచ్చింది వేరు, మీరు మాకు వేస్తే మేం మీకు వేస్తాం అని కాగితం మార్చుకున్నది వేరు. మూడింటినీ ఒకే గడిలో వెయ్యకు. రాసిచ్చినా సరే, అది రహస్య ఓటు, బ్యాలెట్ కాగితం మీద పేరు రాసేది వాళ్ల రాజధాని కాదు, ఆ హాల్లో కూర్చున్న మనిషి. ఆయనకి ఆదేశాలు అందాయో లేదో ఓటింగ్ ముందు రోజు మళ్లీ కనుక్కో. ఎవరైనా నిన్ను ఏదైనా అడిగితే, అది ట్రైనింగ్ సీటు కావచ్చు, వాళ్ల పేషెంట్‌కి మన దగ్గర వీసా కావచ్చు, అది అయ్యేదాకా ఢిల్లీ వెంట పడు. నౌరూ జనాభా మన మండలంలో సగం కూడా ఉండదు, దాని ఓటూ మన ఓటూ ఒకటే. సముద్రం పైకొస్తుందని ఆ ద్వీపాలవాళ్లు మాట్లాడేటప్పుడు ఫోన్ చూసుకోకు. వాళ్లకి భద్రత అంటే అదే.

ఇంకో భయం ఉంది నాకు. జనరల్ అసెంబ్లీలో పాకిస్తాన్‌కి జవాబిచ్చే పని మీలాంటి కుర్ర అధికారులకే అప్పగిస్తారు. 2017లో ఈనమ్ గంభీర్, 2021లో స్నేహా దూబే ఎంత బాగా మాట్లాడారో చూశాం, నేనూ చప్పట్లు కొట్టాను. నీకూ ఆ ఛాన్స్ రావచ్చు, వస్తే గట్టిగానే మాట్లాడు, తడబడకు. కానీ మర్నాటికి నీ వీడియో ప్రతి ఫోన్‌లో తిరుగుతుంది, నీ పేరుతో ఎవరో అకౌంట్లు తెరుస్తారు, మీ అమ్మకి చుట్టాలంతా ఫోన్లు చేస్తారు. ఆ చప్పట్లు ఇక్కడివి. అక్కడ డెలిగేట్స్ లాంజ్‌లో కాఫీ తాగుతూ నిన్ను గమనించే ఘనా మనిషికి, ఫిజీ మనిషికి ఆ వీడియోతో పని లేదు. నిన్ను పొగిడినవాళ్లే నువ్వు ఏదో తీర్మానానికి దూరంగా ఉన్నావని మరో నెల్లో తిడతారు కూడా. అప్పుడు నువ్వు ఒంటరిగా కూర్చుని అవన్నీ చదువుకుంటావేమోనని నా బెంగ. చదవకు తల్లీ.

దూరంగా ఉండటం అంటే గుర్తొచ్చింది. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద మండలిలో తీర్మానం వస్తే మనం ఓటు వెయ్యలేదు. ఇక్కడ కూడా చాలామంది తప్పుపట్టారు. ఆ వారం మన వీధిలో ఒక కుర్రాడు ఖార్కివ్‌లో బంకర్‌లో ఉన్నాడు, మెడిసిన్ చదువుతూ. వాళ్లమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. అలాంటి పిల్లలు మన రెండు రాష్ట్రాల నుంచే ఎంతోమంది. మొత్తం మీద దాదాపు 22,500 మందిని వెనక్కి తెచ్చుకున్నాం. రష్యాతోనూ మాట్లాడాలి, ఉక్రెయిన్‌తోనూ మాట్లాడాలి, లేకపోతే ఆ పిల్లలకి దారి దొరకదు. ఆ ఓటు వెనక నాకు కనిపించింది ఆ తల్లి మొహం. అయితే ప్రతిసారీ దూరంగా ఉండటమే తెలివి అనుకుంటే నేనొప్పుకోను. 2023 అక్టోబర్‌లో గాజా తీర్మానం విషయంలో మనం దూరంగా ఉండటం నాకు నచ్చలేదు. హమాస్ దాడిని అందులో ప్రస్తావించలేదన్న కారణం నిజమే. కానీ 1974లోనే పాలస్తీనా విమోచన సంస్థ పీఎల్‌ఓని గుర్తించిన దేశం మనది, 1988లో పాలస్తీనాని దేశంగా గుర్తించాం, 1992లో మన పీవీ గారి హయాంలో ఇజ్రాయెల్‌తో పూర్తి సంబంధాలు పెట్టుకున్నాక కూడా ఆ మాట తప్పలేదు. డిసెంబర్‌లో కాల్పుల విరమణకి అనుకూలంగా ఓటేశాక నా మనసు కుదుటపడింది. నీ సొంత అభిప్రాయం ఏదైనా అక్కడ నువ్వు చదివేది ఢిల్లీ పంపిన కాగితమే. చదివే ముందు మాత్రం, ఆ కారణాన్ని ఒక అరబ్ స్నేహితురాలి కళ్లలోకి చూసి చెప్పగలనా అని ఒకసారి అనుకో. చెప్పలేననిపిస్తే ఓటింగ్‌కి ముందే, మెల్లగా, రాతపూర్వకంగా పైకి చెప్పు. వివరణ సరిగ్గా ఉంటే ఓటు నచ్చనివాళ్లు కూడా మనతో మాట్లాడటం మానరు.

చివరగా ఒక పని చేస్తానని మాటివ్వు. నువ్వు రాసిన డ్రాఫ్ట్ కేబుల్‌ని పైవాళ్లు దిద్ది, సానుకూలంగా పరిశీలిస్తాం అన్నదాన్ని మద్దతు ఖాయం అని మారిస్తే గొడవపడకు, వాళ్లకున్న అధికారం అది. కానీ నీ అసలు నోట్, తేదీతో, ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటతో, నీ సంతకంతో ఫైల్లో ఉండాలి. ఓటింగ్‌కి ముందు లెక్క సరిచూసుకునే రోజు ఎవరో ఒకరు ఆ ఫైల్ తెరుస్తారు, వాళ్లకి నిజం దొరకాలి.

ఆఫ్రికా గ్రూపులో ఎవరితో ముందు మాట్లాడాలో నాకు కొన్ని ఆలోచనలున్నాయి, అవి మెయిల్లో రాయడం బాగోదు. బయల్దేరే ముందు ఎలాగూ అమ్మ దగ్గరికి వస్తావుగా, అప్పుడు ఒక పూట నాకు కేటాయించు. నోట్‌బుక్ తెచ్చుకో.

మీ మావయ్య