మాస్టారి గురించి ఏం రాయాలి?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా తాతయ్య ముప్పై నాలుగేళ్లు సర్కారు బళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పోయిన ఏడాది కాలం చేశారు, వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజుకి చిన్న పుస్తకం వేద్దామని నాన్న అన్నారు, రాసే పని నా మీద పడింది. ఏం రాసినా సన్మాన పత్రంలాగే వస్తోంది. 'నిరాడంబరులు, నిస్వార్థ సేవాపరులు, అజాతశత్రువు'... చదివితే ఎవరి తాతయ్యో అనిపిస్తోంది. ఆయన ట్రంకుపెట్టెలో ఒక పొడుగు నోట్‌బుక్ దొరికింది, నిండా పేర్లు, పక్కన పడిపోయిన కొబ్బరిచెట్ల లెక్కలు. అది వేయొచ్చా? ఇంకోటి, ఎవరడిగినా అప్పుకి హామీ సంతకం పెట్టేసేవారు. ఒకాయన ఎగ్గొడితే తాతయ్య జీతంలోంచి కట్ అయింది, నాన్న చదువు మధ్యలో ఆగింది అందుకే. అది రాయాలా, దాచాలా? చిన్నాన్నేమో పుస్తకం ఎందుకు, సెంటర్లో విగ్రహం పెడదాం అంటున్నాడు. ఒకటే టెన్షన్‌.
– ఒక మనవరాలు

జవాబు: తల్లీ, ముందు ఆ 'అజాతశత్రువు' కొట్టెయ్. లెక్కల మాస్టారికి శత్రువులు లేకపోవడమేమిటి, పదిహేడో ఎక్కం రానివాళ్లంతా ఏమైపోయారు?

నీ పుస్తకం ఆ నోట్‌బుక్కులోనే ఉంది. నాకు తోచినంతలో అది తిత్లీ నాటిది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, తెల్లారి చూస్తే ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేల మీద ఉన్నాయి. పరిహారం జాబితాలో పేరెక్కాలంటే ఎవరివి ఎన్ని చెట్లు పడ్డాయో లెక్క తేలాలి కదా, డెబ్బై దాటిన మనిషి తోటతోటకీ తిరిగి, పడ్డ మొద్దులు దాటుకుంటూ రాసుకున్న లెక్క అయి ఉంటుంది. ఒక పేజీని కొట్టివేతలతో సహా ఫొటో తీయించి అలాగే వెయ్. కింద రెండు వాక్యాలు చాలు, 'మానవతామూర్తి' అక్కర్లేదు.

తర్వాత ఆ పేర్లున్న ఇళ్లకి వెళ్లు. మాస్టారు ఎలాంటివారని మాత్రం అడక్కు, అందరూ 'దేవుడమ్మా' అంటారు, అక్కడితో అయిపోతుంది. మా ఇంటికొస్తే ఎక్కడ కూర్చునేవారు, ఆఖరుసారి దేనికి తిట్టారు, ఇలాంటివి అడుగు. ఒకసారి నేనూ ఇలాంటి పని మీదే పూసపాటిరేగ వైపు ఓ మత్స్యకార పల్లెకి వెళ్లాను, చనిపోయిన ఒక మాస్టారి గురించి. ఆ ఊరి మగవాళ్లు బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వేరావల్ వెళ్తారు, అక్కడినుంచి వచ్చే ఉత్తరాలు ఈయనే చదివి పెట్టేవారట. ఒక పెద్దావిడ అంది, 'ఏలిముద్దరేస్తే సాచ్చి సంతకం ఎట్టనన్నారు బావూ, మూడు నెల్లు ఏడిపించీసి పేరు రాయడం నేర్పారు.' అని ఊరుకోలేదు, నా పెన్ను లాక్కుని పేపరు అంచు మీద 'అప్పలమ' అని రాసి చూపించింది. మరి వత్తేదమ్మా అంటే, 'అది మాస్టారే ఎట్టీవోరు' అంది. నేను రాసుకెళ్లిన నాలుగు పేజీలు ఆ మాట ముందు పనికిరాకుండా పోయాయి.

ఇలాంటి మాట దొరికితే దాన్ని ఇస్త్రీ చేయకు, వాళ్లన్నట్టే అచ్చు వెయ్. గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో ఆయనా బడిపంతులే. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడిన మాస్టారి జిల్లాలో ఇంకో మాస్టారి పుస్తకానికి సన్మాన పత్రం భాష ఏం బాగుంటుంది చెప్పు.

హామీ సంతకం సంగతి నా లెక్క ప్రకారం రాయాల్సిందే. కానీ ఆ పేజీ నీది కాదు, మీ నాన్నది. చదువు పోయింది ఆయనకి కాబట్టి రాస్తే ఆయన రాయాలి, వద్దంటే ఇంక ఆ ఊసెత్తకు. హామీ పెట్టినవాడు అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యుడని తాతయ్యకి తెలియక కాదు, తెలిసే పెట్టి ఉంటారు, ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో మాత్రం అడిగి ఉండరు. ఆ కాలం మాస్టార్లలో చాలామంది అంతే, ఊరికి మంచివాళ్లు, ఇంటికి కొంచెం బాకీ. ఎగ్గొట్టినాయన పేరు మాత్రం వేయకు, ఆయన మనవలూ ఆ చుట్టుపక్కలే ఉంటారు.

తేదీల దగ్గర బంధువుల్ని నమ్ముకుంటే గొడవలవుతాయి, పెన్షన్ కాగితాలు తీసి చూసుకో. చీపురుపల్లి వైపు పనిచేసి ఉంటే పాత కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది, కంగారు పడకు, విజయనగరం జిల్లా వచ్చింది 1979లో. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, 32 చాలు, అంతకు మించితే చుట్టాల సందేశాలతో నింపుతారు.

ఇక విగ్రహం. రోడ్ల మీద, కూడళ్లలో కొత్త విగ్రహాలకి అనుమతులివ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ముక్క మీ చిన్నాన్న చెవిన వెయ్. ఆ డబ్బుల్లో కొంత పెట్టి బండికి పెట్రోలు కొట్టించి, నోట్‌బుక్కు పట్టుకుని నిన్ను ఆ ఊళ్లన్నీ తిప్పమను.