నేరేడు గింజల సారం అమైలేజ్ అనే జీర్ణ ఎంజైమ్‌ను ఆపితే, షుగర్‌కు మందు దొరికినట్టేనా?

కాదు, టెస్ట్ ట్యూబులో అమైలేజ్ పని తగ్గితే, ఆ సారాన్ని ఇంకా లోతుగా పరీక్షించవచ్చని మాత్రమే తేలినట్టు. అమైలేజ్ స్టార్చ్‌ను మాల్టోజ్ లాంటి చక్కెరలుగా విడగొడుతుంది. ఆ చక్కెరలను, వాటితో కలిసి రంగు మారే డీఎన్‌ఎస్ అనే రసాయన ద్రావణంతో మరిగిస్తే వచ్చే ఎర్రటి రంగును 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. రంగు తగ్గితే ఎంజైమ్ తక్కువ పనిచేసిందన్నమాట. అయితే గింజల్లోని టానిన్లు చాలా ప్రోటీన్లకు అతుక్కుంటాయి, అమైలేజ్ ఒక్కదానికే కాదు. అసలు చిక్కు ఇదే.

కడపలో ఒక కాలేజీ ల్యాబులో ఈ పరీక్ష చేశారనుకుందాం. ఎంజైమ్ మాత్రమే ఉంటే రీడింగ్ 0.80, సారం కలిపితే 0.50. సారానికి కూడా సొంత రంగు, చక్కెర ఉంటాయి కాబట్టి ఎంజైమ్ వేయని బ్లాంక్ తప్పనిసరి. అది 0.10 వస్తే అసలు విలువ 0.40, అంటే నిరోధం 50 శాతం. బ్లాంక్ తీసేయకపోతే 37.5 శాతమే కనిపిస్తుంది. కడప ఎండల్లో గది వేడిని నమ్మకూడదు, 37 డిగ్రీల వాటర్ బాత్ వాడాల్సిందే.

ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే సారం మోతాదు) తక్కువ ఉంటే చాలు, మంచి మందేనని చాలామంది పొరబడతారు. ఎంజైమ్, స్టార్చ్ మోతాదులు మారితే ఆ అంకె కూడా మారిపోవచ్చు. అందుకే అదే రోజు, అదే పద్ధతిలో, అమైలేజ్‌ను ఆపే షుగర్ మందు అకార్బోజ్‌తో పోల్చి చూడాలి.